హీలియం దొరికింది, కరోనియం దొరకలేదు: శాస్త్రం చెప్పే కనిపించని వస్తువులను ఎంతవరకు నమ్మాలి?

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం నీడ మన కోస్తా మీదుగా సాగిన రోజు. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి పియేర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున ఎగిసే జ్వాలల వెలుగును స్పెక్ట్రోస్కోపుతో విడదీసి చూస్తే విడివిడి రంగుగీతలు కనిపించాయి. వాటిలో ఒకటి పసుపు గీత. అది సోడియం గీతే అనుకున్నారు చాలామంది. ఆ ఏడాది చివర్లో ఇంగ్లండులో ఖగోళవేత్త నార్మన్ లాకియర్ కొలిచి చూస్తే లెక్క కుదరలేదు. ఇవాళ్టి కొలతల్లో చెప్పాలంటే సోడియం జంటగీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఈ గీత 587.6 దగ్గర ఉంది. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ ఆ చోట గీత లేదు. అయితే సూర్యుడిలో మనమెరగని మూలకం ఏదో ఉండాలి. దానికి హీలియం అని పేరొచ్చింది. రసాయన శాస్త్రవేత్తల్లో ఎందరో ఒప్పుకోలేదు. 27 ఏళ్ళ తర్వాత, 1895లో, విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం మీద ఆమ్లం పోసి, వచ్చిన వాయువును పరీక్షిస్తే అదే పసుపు గీత కనిపించింది.

మరుసటి ఏడాది, 1869 ఆగస్టులో, అమెరికాలో గ్రహణం పట్టింది. ఈసారి సూర్యుడి చుట్టూ ఉండే కరోనాలో 530.3 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ గీత కనిపించింది. అదీ తెలిసిన ఏ మూలకానిదీ కాదు. కాబట్టి మరో కొత్త మూలకం అన్నారు, కరోనియం అని పేరు పెట్టారు. మూలకాల పట్టిక కట్టిన మెండలీవ్ అంతటివాడు హైడ్రోజన్ కంటే తేలికైన మూలకంగా దానికో స్థానం ఊహించాడు. దాదాపు 70 ఏళ్ళు కరోనియం శాస్త్రంలో బతికింది. చివరికి గ్రోట్రియన్, ఎడ్లెన్ అనే ఇద్దరి పనితో తేలిందేమిటంటే, ఆ గీత మనకు బాగా తెలిసిన ఇనుముది. 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుముది.

ఆధారం ఒకే తరహా, తర్కం ఒకటే, ఏడాదే తేడా. ఒక వస్తువు సీసాలోకి వచ్చింది, ఇంకొకటి అసలు లేనే లేదు. 1870లో బతికిన తెలివైన మనిషి ఈ రెంటిలో దేన్ని నమ్మాలి? ఎలక్ట్రాను, జన్యువు, క్వార్కు, కృష్ణబిలం అని శాస్త్రం ఇవాళ చెబుతుంటే మనం ఎంతవరకు నమ్మాలి? ఈ ప్రశ్న మీద తత్వశాస్త్రంలో నూరేళ్ళకు పైగా గట్టి వాదోపవాదాలు నడుస్తున్నాయి. తేల్చుకోలేక సతమతమయ్యేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రధానంగా నాలుగు దారులున్నాయి. నాకు నచ్చిన దారి ఏదో చివర్లో చెబుతాను కానీ, మీకూ అదే నచ్చాలని లేదు. మీరు చేసే పనిని బట్టి సరైన ఎంపిక మారుతుంది.

ముందు గీటురాళ్ళు

దారులు చూడకముందే, వేటి మీద గీసి చూడాలో అనుకుందాం. నాకు నాలుగు ముఖ్యమనిపిస్తాయి.

ఒకటి, శాస్త్రం ఎందుకు గెలుస్తోందో ఈ దారి చెప్పగలదా? గెలుపంటే తెలిసినదాన్ని సర్ది చెప్పడం కాదు, ఎవరూ చూడనిదాన్ని ముందే చెప్పి నిజం చేయడం. 1846లో ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే యురేనస్ గతిలో తేడాను బట్టి కాగితం మీద లెక్కగట్టి, ఫలానా చోట గ్రహం ఉందన్నాడు. సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాలే దుర్భిణి తిప్పితే చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్ దొరికింది.

రెండు, శాస్త్రం పడిన తప్పులను ఈ దారి ఎలా మింగుతుంది? అదే లెవెరియే 1859లో బుధుడి కక్ష్యలో తేడాను చూసి, సూర్యుడికి ఇంకా దగ్గరగా మరో గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. వెతికి వెతికి అలసిపోయారు. శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) ఆ తేడాకు 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం కారణం చెప్పింది. గ్రహం లేదు.

మూడు, నమ్మేదానికీ నమ్మనిదానికీ మధ్య గీత ఎక్కడ గీస్తుంది, ఎందుకక్కడే గీస్తుంది?

నాలుగోది తత్వశాస్త్ర పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది కానీ నాకు మిగతా మూడింటికన్నా తక్కువది కాదు: ఈ దారి పట్టినవాడు రేపు పొద్దున ప్రయోగశాలలో, తరగతి గదిలో ఏం చేస్తాడు? పని ముందుకు సాగుతుందా, ఆగిపోతుందా?

మొదటి దారి: శాస్త్రీయ వాస్తవికవాదం

మనలో చాలామంది తెలియకుండానే నడిచే దారి ఇది. పరిణతి చెందిన శాస్త్రంలో గెలిచిన సిద్ధాంతాలు నిజానికి దగ్గరగా ఉంటాయి, అవి చెప్పే కనిపించని వస్తువులు నిజంగా ఉన్నాయి. దీని అసలు బలం 1975లో తత్వవేత్త హిలరీ పుట్నం పదునుగా పెట్టిన వాదనలో ఉంది: ఎలక్ట్రాన్లే లేకపోతే, ఎలక్ట్రాన్లు ఉన్నాయని కట్టిన లెక్కలు ఇంత కచ్చితంగా ఫలించడం అద్భుతం అనుకోవాలి. శాస్త్రం గెలుపును అద్భుతంగా మిగల్చని దారి ఇదొక్కటే అన్నాడాయన.

ఈ వాదనకు ప్రాణం పోసిన కథ పరమాణువులది. 19వ శతాబ్దం చివర్లో ఎర్నెస్ట్ మాక్, విల్హెల్మ్ ఓస్ట్వాల్డ్ వంటి పెద్దలు పరమాణువులను లెక్కకు పనికొచ్చే ఊహలుగానే చూశారు. 1905లో ఐన్‌స్టీన్, నీళ్ళలో తేలే సన్నని రేణువులు ఎందుకు కుదురుగా ఉండవో అణువుల తాకిడితో లెక్కగట్టాడు. 1908 నుంచి జాన్ పెరాన్ ఆ లెక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. పెరాన్ గొప్పతనం అక్కడితో ఆగలేదు. ఒక మోల్ పదార్థంలో ఉండే అణువుల సంఖ్యను (అవగాడ్రో సంఖ్యను) చేరడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని పదికి పైగా దారులను పక్కపక్కన పెట్టాడు: రేణువుల కదలిక, ఆకాశం నీలిరంగు, రేడియోధార్మికత, వాయువుల జిగట, ఇంకా మరికొన్ని. అన్నీ 6 పక్కన 23 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యకు అటూఇటూగా తేలాయి. 1909లో ఓస్ట్వాల్డ్ తన మాట వెనక్కి తీసుకున్నాడు. పట్టుదలకు పేరుపడ్డ పెద్దమనిషి అచ్చులో అలా ఒప్పుకోవడం నాకు శాస్త్ర చరిత్రలో ఎంతో ఇష్టమైన ఘట్టాల్లో ఒకటి.

మన న్యాయదర్శనం చదివినవాళ్ళకు ఇక్కడ ఒక పాత చిక్కు గుర్తుకొస్తుంది. కొండ మీద పొగ చూసి నిప్పుందని ఊహిస్తాం. ఎందుకంటే వంటింట్లో పొగనూ నిప్పునూ కలిపి చూశాం. చార్వాకులు ఆ సంబంధాన్నే ప్రశ్నించారు: ఎప్పుడూ కలిసే ఉంటాయని నువ్వెలా తేల్చావు? ఎలక్ట్రాను విషయంలో చిక్కు ఇంకా పెద్దది. దానికి వంటిల్లు లేదు. ఎలక్ట్రానునూ దాని ఆనవాలునూ పక్కపక్కన ఎవరూ ఏనాడూ చూడలేదు. కంటికి అందని విషయాల కోసం నైయాయికులు సామాన్యతోదృష్టమని వేరే అనుమానాన్ని (అంటే ఊహించి తేల్చే పద్ధతిని) పెట్టుకున్నారు. వాస్తవికవాది మాత్రం ఉన్నవాటిలో మేలైన వివరణను నిజంగా తీసుకుంటాడు.

దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. 1981లో తత్వవేత్త లారీ లౌడన్ పాత గెలుపుల జాబితా ఒకటి ముందుపెట్టాడు: ఫ్లోజిస్టన్ (మండే వస్తువుల్లో ఉంటుందనుకున్న పదార్థం), కెలోరిక్ (వేడిని మోస్తుందనుకున్న ద్రవం), కాంతిని మోసే ఈథర్, ఇంకా ఎన్నో. అన్నీ తమ కాలంలో పనిచేశాయి, అన్నీ తర్వాత లేవని తేలాయి. మరి ఇవాళ్టివి మాత్రం నిలుస్తాయని ఏమిటి నమ్మకం? 2006లో కైల్ స్టాన్‌ఫర్డ్ దీన్ని ఇంకో మెట్టు లోతుకు తీసుకెళ్ళాడు. మేలైన వివరణను ఎంచుకుంటున్నాం సరే, కానీ సరైన వివరణ మనకు ఇంకా తట్టకపోయి ఉంటే? కరోనియం ఈ మాటకు కొట్టినట్టు సరిపోయే ఉదాహరణ. 1869లో సరైన జవాబు 13 ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుము. ఎలక్ట్రాను కనుగొన్నదే 1897లో. అంటే అప్పటి మేధావులు తప్పు జవాబు ఎంచుకోవడం కాదు, సరైన జవాబు పలకడానికి కావలసిన మాటే వాళ్ళ దగ్గర లేదు.

వాస్తవికవాదులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. స్టాథిస్ సిలోస్ వంటివారు, సిద్ధాంతం మొత్తాన్ని కాదు, గెలుపుకు నిజంగా పనిచేసిన భాగాన్నే నమ్మండి అంటారు. 1824లో సాడీ కార్నో కెలోరిక్ అనే ఉష్ణద్రవం ఉందనుకుంటూనే ఆవిరి యంత్రాల సామర్థ్యానికి సరైన హద్దు కనిపెట్టాడు. ఆ ఫలితానికి పనికొచ్చింది ఉష్ణోగ్రతల తేడా, తిప్పి నడపగలిగే యంత్రం అనే ఊహ. ద్రవం తీసేసినా ఫలితం నిలిచింది. ఈ సర్దుబాటు నాకు చాలావరకు సబబుగానే ఉంది. చిక్కల్లా, ఏ భాగం పనిచేసిందో తెలిసేది ఎక్కువసార్లు సిద్ధాంతం పడిపోయాకే. ముందే చెప్పగలిగితేనే అది నిజమైన సహాయం.

రెండో దారి: లెక్క కుదిరితే చాలు

1543లో కోపర్నికస్ పుస్తకానికి ఓసియాండర్ పేరు లేకుండా ఒక ముందుమాట జోడించాడు. ఈ ఊహలు నిజం కానక్కర్లేదు, కనిపించేవాటితో లెక్క సరిపోతే చాలన్నది దాని సారం. సిద్ధాంతం లెక్కకు పనిముట్టు మాత్రమే అనే సాధనవాదానికి ఇంత సూటి రూపం మరొకటి దొరకదు. మనకూ ఇది కొత్త కాదు. పంచాంగకర్తలు భూమిని మధ్యలో పెట్టి, మందఫలం, శీఘ్రఫలం అని గ్రహాలకు సవరింపులు వేసి శతాబ్దాలుగా గ్రహణాల వేళలు చెబుతూ వచ్చారు. పాత గ్రంథాల లెక్కతో నడిచే పూర్వసిద్ధాంత పంచాంగానికీ, ఆకాశంలో కనిపించేదానికి సరిచేసిన దృగ్గణిత పంచాంగానికీ జరిగే వాదంలో కూడా, లెక్క కంటికి కనిపించేదానితో కలవాలా లేదా అన్నదే అసలు తగువు. ఆకాశంలో నిజంగా ఏం తిరుగుతోందన్నది అక్కడ ప్రశ్న కాదు.

ఈ దారికి ఇవాళ్టి గట్టి రూపం ఇచ్చినవాడు తత్వవేత్త బాస్ వాన్ ఫ్రాసెన్, 1980లో. దాన్ని అనుభవవాదం అంటారు. ఆయన పాత సాధనవాదుల్లా ఎలక్ట్రాన్లు వట్టి మాటలనడు. ఎలక్ట్రాను గురించి సిద్ధాంతం చెప్పేది నిజమో అబద్ధమో అయి తీరుతుంది. కానీ శాస్త్రం చేయడానికి దాన్ని నమ్మనక్కర్లేదు. కంటికి అందే విషయాలన్నిటిలో సిద్ధాంతం సరిగా ఉంటే చాలు, మిగతాదాని మీద తీర్పు చెప్పకుండా ఉండవచ్చు.

గీత ఎక్కడ? మనిషి కన్ను దగ్గర. గురుగ్రహపు చందమామలు కంటికి అందేవే, ఎందుకంటే అక్కడికి వెళ్ళగలిగితే మామూలు కంటితో చూడగలం. కణం పోయిన దారిలో ఆవిరి చుక్కలుగా చార కట్టే మేఘపేటికలో ఎలక్ట్రాను జాడ అలా కాదు. ఆకాశంలో జెట్ విమానం వదిలిన తెల్లటి చార చూసి విమానాన్ని ఊహిస్తాం, కానీ విమానాన్ని నేరుగానూ చూడొచ్చు. ఎలక్ట్రానుకు చార ఒక్కటే. ఈ పోలిక వాన్ ఫ్రాసెన్‌దే, చాలా నిజాయితీగల పోలిక.

దీనికి ఎదురు ప్రశ్న కూడా తేలికైనది కాదు. గ్రోవర్ మాక్స్‌వెల్ 1962లోనే అడిగాడు: కిటికీ అద్దంలోంచి చూస్తే చూసినట్టేనా? కళ్ళజోడులోంచి? భూతద్దంలోంచి? మామూలు సూక్ష్మదర్శినిలోంచి? ఎక్కడ ఆపుతారు? నలభై దాటి చత్వారం వచ్చినవారెవరికైనా ఈ ప్రశ్న బరువు వెంటనే తెలుస్తుంది. నా కన్ను చేరలేనిది లేదనడానికి నా కంటికి ఉన్న అధికారం ఏమిటి?

అయినా ఈ దారిని తేలిగ్గా తీసేయకండి. కరోనియం విషయంలో అందరికన్నా తక్కువ పొరపాటు పడేది వీళ్ళే. ఆకుపచ్చ గీత ఉంది, దాన్ని లెక్కలో పెట్టుకుందాం, యజమాని ఎవరో ప్రమాణం చేయవద్దు అనేవారు. కానీ హీలియం విషయంలోనూ ఆ మాటే అనేవారు. పసుపు గీత నిజంగా ఒక వస్తువుదే అని నమ్మినవాడికి భూమ్మీద దాని కోసం వెతకాలన్న ఆరాటం ఉంటుంది. ఊరకే లెక్క కుదిరితే చాలనుకునేవాడికి ఆ ఆరాటం ఎక్కడినుంచి వస్తుంది? నమ్మకపోయినా నమ్మినట్టు పనిచేయవచ్చని వాన్ ఫ్రాసెన్ జవాబు. నాకది పూర్తిగా తృప్తినివ్వదు. అయితే రామ్సే వెతికింది హీలియం కోసం కాదు, ఆర్గాన్ కోసం అన్నది కూడా నిజాయితీగా చెప్పాలి.

మూడో దారి: గీతలు నిలుస్తాయి, యజమానులు మారతారు

1989లో తత్వవేత్త జాన్ వొరాల్ ఒక మధ్యేమార్గం చూపించాడు. దాని మూలం 1902లో గణితవేత్త పోంకరే రాసినదాంట్లో ఉంది. సిద్ధాంతాలు మారినప్పుడు వస్తువులు పోతాయి, కానీ వస్తువుల మధ్య సంబంధాలు, అంటే సమీకరణాలు, చాలాసార్లు నిలుస్తాయి. కాబట్టి నమ్మాల్సింది సంబంధాలను. దీన్ని నిర్మాణ వాస్తవికవాదం అంటారు.

వొరాల్ ఉదాహరణ ఫ్రెనెల్. కాంతి ఈథర్ అనే మాధ్యమంలో అలలని ఫ్రెనెల్ నమ్మాడు. అడ్డంగా పెట్టిన గుండ్రని పళ్ళెం నీడ నడిమధ్య వెలుగు చుక్క రావాలని అతని సిద్ధాంతం నుంచి పోసాన్ తేల్చాడు. అలా రావడం అసంబద్ధమని చూపడానికే ఆ లెక్క వేశాడు. అరాగో ప్రయోగం చేసి చూస్తే చుక్క నిజంగానే ఉంది. తర్వాత ఈథర్ పోయింది. కానీ అద్దం మీద పడ్డ కాంతి ఎంత వెనక్కి మళ్ళుతుంది, ఎంత లోపలికి పోతుంది అని ఫ్రెనెల్ కట్టిన సమీకరణాలు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సిద్ధాంతంలోనూ అలాగే వస్తాయి. ఇవాళ్టి ఆప్టిక్స్ పాఠాల్లోనూ అవే ఉన్నాయి.

మన గ్రహణాల కథకు కూడా ఈ దారి అందంగా అమరుతుంది. 530.3 దగ్గర గీత ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. మారింది యజమాని పేరు. పైగా ఆ గీత అసలు యజమాని తెలిశాక, ఇనుము నుంచి 13 ఎలక్ట్రాన్లు ఊడాలంటే కరోనా ఎంత వేడిగా ఉండాలో తేలింది: పది లక్షల డిగ్రీలకు పైన. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,500 డిగ్రీలే. నిహారికల్లో కనిపించిన మరో వింత గీతల జత కథ కూడా ఇదే. 1864లో హగిన్స్ చూశాడు, నెబ్యులియం అని కొత్త మూలకం పేరొచ్చింది, 1927లో ఐరా బోవెన్ అవి రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఆక్సిజన్ గీతలని తేల్చాడు.

అయితే సంబంధాలు మాత్రమే తెలుసు, సంబంధం ఉన్నవి ఏమిటో తెలియవు అంటే, తెలిసినదెంత? వియ్యాలవారి బంధుత్వాలన్నీ చెప్పి ఒక్కరి పేరూ చెప్పకపోతే, ఆ బంధుత్వాల పటం ఎన్నో కుటుంబాలకు సరిపోతుంది. 1928లో గణితవేత్త మాక్స్ న్యూమన్ తత్వవేత్త రసెల్ మీద వేసిన ఆక్షేపణ సారం ఇదే. జవాబులున్నాయి కానీ అవి సాంకేతికంగా చాలా దూరం పోతాయి. ఇంకో బలహీనత: సమీకరణాలు తక్కువగా ఉండే జీవశాస్త్రం, భూగర్భశాస్త్రం వంటివాటికి ఈ దారి సరిగా అతకదు. కణం లోపల మైటోకాండ్రియా ఉందంటే అది సమీకరణం కాదు, వస్తువు.

నాలుగో దారి: చేత్తో పట్టి వాడగలిగితే ఉన్నట్టే

తత్వవేత్త ఇయాన్ హాకింగ్‌ను మార్చింది వాదన కాదు, ప్రయోగశాల. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నయోబియం అనే లోహపు గుండు మీద విద్యుదావేశాన్ని మార్చడానికి పాజిట్రాన్లనూ (ఎలక్ట్రాన్లకు ధనావేశపు జోడీలనూ) ఎలక్ట్రాన్లనూ పిచికారీ చేస్తామని అక్కడివాళ్ళు మామూలుగా చెప్పేసరికి, పిచికారీ చేయగలిగినవి ఉన్నట్టే అని ఆయన తీర్మానించుకున్నాడు. 1983లో వచ్చిన ఆయన పుస్తకంలో వాదమంతా ఇక్కడినుంచే సాగుతుంది. సిద్ధాంతాలు మారనీ. ఒక వస్తువుతో మరోదాన్ని కదిలించగలిగితే అది ఉంది.

సూక్ష్మదర్శిని గురించి ఆయన చెప్పినదీ గట్టిది. ఒక గడుల పటం పెద్దగా గీసి, ఫొటో పద్ధతిలో కంటికి కనిపించనంత చిన్నది చేసి, సూక్ష్మదర్శినిలో చూస్తే అవే గడులు కనిపిస్తాయి. గీసింది మనమే కాబట్టి పరికరం అబద్ధం చెప్పడం లేదని తెలుస్తుంది.

ఈ దారి ఖరీదు ఆకాశంలో కట్టాలి. నక్షత్రాలను ఎవరూ పిచికారీ చేయలేరు. హాకింగ్ ఆ లెక్కకు కట్టుబడి, గురుత్వ కటకాల (తమ గురుత్వంతో దూరపు వెలుగును వంచే ఖగోళ వస్తువుల) విషయంలో వాస్తవికవాదాన్ని ఒప్పుకోలేదు కూడా. హీలియం సంగతి అడిగితే ఈ దారి 1895 దాకా ఆగమనేది.

పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | దేన్ని నమ్మమంటుంది | 1870లో హీలియం, కరోనియం | ఎక్కడ బాగుంటుంది | ఏం వదులుకోవాలి |
|---|---|---|---|---|
| వాస్తవికవాదం | వస్తువులనూ నియమాలనూ | రెండూ ఉన్నాయి | కొత్తవాటిని వెతకడానికి | పాత తప్పులకు జవాబు చెప్పుకోవాలి |
| వాన్ ఫ్రాసెన్ అనుభవవాదం | కంటికి అందేవాటిని | రెండు గీతలూ ఉన్నాయి, మిగతాది తెలియదు | అతివిశ్వాసం నుంచి కాపాడటానికి | కన్ను దగ్గర గీసిన గీతను సమర్థించుకోవాలి |
| నిర్మాణ వాస్తవికవాదం | సంబంధాలనూ సమీకరణాలనూ | గీతల లెక్క నిలుస్తుంది, యజమాని మారవచ్చు | గణితం ఎక్కువున్న భౌతికశాస్త్రంలో | వస్తువులంటే ఏమిటో చెప్పలేదు |
| హాకింగ్ దారి | చేత్తో వాడగలిగినవాటిని | రెంటికీ ఆగాలి | ప్రయోగశాలలో, వైద్యంలో | దూరపు ఆకాశం, లోతైన గతం అందవు |

ఈ నాలుగింటి బయట నిలబడ్డ తత్వవేత్త ఆర్థర్ ఫైన్ పేరు కూడా చెప్పాలి. 1984లో ఆయన, రెండు పక్షాలవాళ్ళూ శాస్త్రం మీద తమ తత్వాన్ని అదనంగా రుద్దుతున్నారు, శాస్త్రం ఫలితాలను రోజువారీ నిజాలను ఒప్పుకున్నట్టే ఒప్పుకుని ఊరుకోండి అన్నాడు. తగువు వద్దనుకునేవారికి ఇది ప్రశాంతమైన చోటు. కానీ కరోనియాన్నీ అలాగే ఒప్పుకుని ఉండేవాళ్ళమన్నది నన్ను అక్కడ నిలవనివ్వదు.

మీరెవరైతే ఏది?

బడిలో పరమాణువు పాఠం చెప్పేవారు వాస్తవికవాదమే పట్టుకోండి. పెరాన్ పది దారుల కథతో చెబితే, పిల్లలకు పరమాణువు పుస్తకంలో బొమ్మ కాకుండా పోతుంది. ఒక్క మనవి: కరోనియం కథ కూడా చెప్పండి. గుంటూరు పిల్లలకైతే 1868 గ్రహణంతో మొదలుపెట్టవచ్చు. తమ ఊరి మీద పడ్డ నీడలోంచి ఒక మూలకం కథ మొదలైందని తెలిస్తే ఆ పీరియడ్ వాళ్ళు మరిచిపోరు.

క్వాంటం యాంత్రిక శాస్త్రం చదువుకునే పీజీ విద్యార్థులకు మూడో దారి ఊరటనిస్తుంది. తరంగ ప్రమేయం అంటే ఏమిటో, కొలిచినప్పుడు ఏం జరుగుతుందో వంద రకాల వివరణలున్నా, లెక్కలు మాత్రం ఒకటే. ఆ లెక్కలను గట్టిగా నమ్మి, వివరణల దగ్గర ఆగడం తప్పు కాదు. అయితే ఆ ఆగడం సోమరితనం కాకూడదు. ఆ వివరణల మధ్య తేడాను తేల్చే ప్రయోగాలు కూడా జరుగుతున్నాయి.

ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవారు హాకింగ్ దగ్గరే ఎక్కువ హాయిగా ఉంటారని నా అనుభవం. స్కానింగ్ సెంటర్లో ఎంఆర్‌ఐ యంత్రపు అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ద్రవ హీలియం. దాన్ని నింపే టెక్నీషియన్‌ను హీలియం ఉందా అని అడగడం అర్థంలేని పని.

వాతావరణం, జనాభా, ఆర్థిక లెక్కల నమూనాలు కట్టేవారికి రెండో దారి నిజాయితీ నేర్పుతుంది. తుఫాను నమూనా వాతావరణాన్ని గడులుగా కోస్తుంది. బంగాళాఖాతం మీద ఆ గడులు ఉండవు. నమూనా బాగా పలికిన ప్రతిసారీ అందులోని ముక్కలన్నీ నిజమని మురిసిపోకుండా ఇది కాపాడుతుంది.

ఇక వాట్సాప్ గ్రూపుల్లో 'పరిణామం కేవలం ఒక థియరీ' అని ఎవరైనా అంటే ఏం చెప్పాలో తెలియక ఆగిపోయేవారికి ఒక మాట. ఆ వాక్యాన్ని తెలుగులో అనిపించండి: పరిణామం కేవలం సిద్ధాంతమే. మన సంప్రదాయంలో పూర్వపక్షాన్ని విని, ఖండించి, చివర తేల్చిచెప్పేదే సిద్ధాంతం. అనుమానంగా ముందుంచేదాన్ని పరికల్పన అంటాం. ఈ రెండు మాటలూ వేరుగా ఉంచిన భాష మనది. ఇక్కడ పైన చెప్పిన తత్వచర్చను అడ్డుపెట్టుకునే వీలు కూడా లేదు. వాన్ ఫ్రాసెన్ సందేహం కంటికి అందని వస్తువుల మీద మాత్రమే. శిలాజాలు చేతిలోకి వచ్చేవి. ఈ చర్చలో ఏ పక్షమైనా, దారి ఏదైనా, నచ్చని శాస్త్రాన్ని తోసిపుచ్చడానికి లైసెన్సు ఇవ్వదు.

నేను ఎక్కడ నిలబడ్డాను

మొత్తం శాస్త్రానికి ఒకే జవాబు ఇవ్వడం మానేశాను. ఒక్కో వస్తువునూ విడిగా అడుగుతాను: దీని దగ్గరికి ఎన్ని స్వతంత్రమైన దారుల్లో చేరాం? హీలియానికి 1868లో ఒకటే దారి, గీత. 1895లో రెండోది, సీసా. 1908 నాటికి కామర్లింగ్ ఓనెస్ దాన్ని ద్రవంగా మార్చాడు. రేడియోధార్మిక పదార్థాలు వదిలే ఆల్ఫా కణాలు హీలియం కేంద్రకాలేనని ఆ రోజుల్లోనే రూథర్‌ఫర్డ్ తేల్చాడు. కరోనియానికి 70 ఏళ్ళూ ఆ ఒక్క దారే. పైగా 1913లో మోస్లీ ఎక్స్ కిరణాలతో మూలకాలకు వరుస సంఖ్యలు తేల్చాక, కొత్త తేలిక మూలకానికి పట్టికలో కుర్చీయే మిగల్లేదు. అంటే ఏ గీతను ఎంత నమ్మాలో చెప్పగల గుర్తులు ముందే ఉన్నాయి, అంతా అయిపోయాక వెనక్కి చూసుకుంటే తెలిసేవి మాత్రమే కాదు. వాస్తవికవాదుల సర్దుబాటులో నాకు లోటనిపించింది ఇదే. కైల్ స్టాన్‌ఫర్డ్ ఆక్షేపణ దీనితో పూర్తిగా తీరిపోదని ఒప్పుకుంటాను. తట్టని వివరణ ఎప్పుడూ ఉండవచ్చు. కానీ పది దారులూ ఒకేచోట కలిసినప్పుడు, ఆ పదింటినీ ఒకేసారి మోసగించే తట్టని వివరణ ఉండటం చాలా కష్టం.

దీన్ని ఇవాళ ఇంకా తేలని ప్రశ్నకు, కృష్ణ పదార్థానికి, పెట్టి చూడండి. 1933లో ఖగోళవేత్త జ్విక్కీ ఒక గెలాక్సీల గుంపులో కనిపించే పదార్థం ఆ గెలాక్సీల వేగాలకు సరిపోవడం లేదన్నాడు. 1970లలో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ గెలాక్సీల అంచులు తిరిగే వేగాలు కొలిచి అదే చిక్కు చూపించారు. గురుత్వ కటకాలు, తొలినాటి విశ్వం వదిలిన మైక్రోవేవ్ కాంతి కూడా అటే వేలు చూపిస్తున్నాయి. అదనపు గురుత్వం ఉందనడానికి దారులు చాలానే ఉన్నాయి. అది ఫలానా కణం అనడానికి ఒక్కటీ లేదు. నేలలోతు గనుల్లో పెట్టిన పరికరాల్లో అందరూ ఒప్పుకున్న జాడ ఏదీ ఇంతవరకు పడలేదు. గురుత్వ నియమాన్నే మార్చాలని 1983 నుంచి మిల్‌గ్రోమ్ పక్షం అంటూనే ఉంది. లెవెరియేకు నెప్ట్యూన్ దొరికింది, వల్కన్ దొరకలేదు. ఇది ఏ కోవదో ఇంకా తెలియదు. కాబట్టి కృష్ణ పదార్థం పేరిట కనిపించే ఆ అదనపు లాగుడును నేను నమ్ముతాను. కణం పేరు మాత్రం నా నోటుపుస్తకంలో పెన్సిలుతోనే రాసుకున్నాను.